చెప్పే వరుస వేరు, రాసే వరుస వేరు: పిల్లలకి తెలుగు అక్షరాలు ఎలా వస్తాయి

ఎల్‌కేజీలో చేరి నాలుగు నెలలు కూడా కాకముందే "మావాడికి అక్షరాలన్నీ వచ్చేశాయండీ" అని చెప్పే అమ్మానాన్నలు చాలామంది ఉంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధమేం కాదు, పిల్లాడు నిజంగానే అ ఆ ఇ ఈ అని మొదలెట్టి ఎక్కడా ఆగకుండా బండి ఱ దాకా చెప్పేస్తాడు. కానీ అదే పిల్లాడికి పేజీ మధ్యలో ఎక్కడో ఉన్న ధ మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అని అడిగితే, పెదాలు కదుపుతూ త థ ద అని లోపల వల్లెవేసుకుంటూ అక్కడిదాకా వచ్చి చెప్తాడు, లేదంటే దిక్కులు చూస్తాడు. వరుస వచ్చింది, అక్షరం రాలేదు. ఇంకో పిల్లుంటుంది, ధ ని చక్కగా చూసి రాసేస్తుంది, పుస్తకం మూసేసి రాయమంటే మాత్రం చెయ్యి కదలదు.

అక్షరం రావడం అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ అందులో కనీసం మూడు పనులున్నాయి. కంటితో చూసి ఇది ఫలానాది అని గుర్తుపట్టడం ఒకటి, ఆ ఆకారానికి దాని శబ్దాన్ని కలపడం ఇంకొకటి, ఏమీ చూడకుండా చేత్తో ఆ ఆకారాన్ని మళ్ళీ పుట్టించడం మూడోది. ఈ మూడూ ఒకేసారి రావు, ఒకే వయసులో రావు, అన్నిటికన్నా ముఖ్యంగా ఈ మూడింటికీ పనికొచ్చే వరుస కూడా ఒకటి కాదు. మన బళ్ళల్లో, ఇళ్ళల్లో జరిగే ఇబ్బందిలో సగానికి సగం ఈ మూడింటినీ ఒకే వరుసలో, ఒకే రోజు, ఒకే పేజీ మీద నేర్పాలనుకోవడం వల్లే వస్తోంది.

ముందు మన వర్ణమాల గొప్పదనం ఒప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని తీసిపారేయాలని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. క ఖ గ ఘ అన్నప్పుడు శబ్దం గొంతు దగ్గర పుడుతుంది, చ వర్గం అంగిలి దగ్గర, ట వర్గం నాలుక వెనక్కి మడిస్తే, త వర్గం పళ్ళకి తగిలితే, ప వర్గం పెదాలు కలిస్తే. లోపల్నుంచి బయటికి నడుచుకుంటూ వచ్చే వరుస అది. ఏబీసీడీలకి ఇలాంటి లెక్కేం లేదు. పిల్లలు ఈ వరుసని పాటలా పాడుకుంటే నోరు తిరుగుతుంది, శబ్దాల మధ్య తేడా చెవికి పట్టుబడుతుంది, అందుకే నోటితో చెప్పించడానికి దీన్ని మించింది లేదు. సమస్యల్లా అదే వరుసని చేతికి కూడా అంటగట్టడం దగ్గరే.

చేతి వైపునుంచి చూస్తే అ తో మొదలవడం అంటే దాదాపు కష్టమైన చోట మొదలవడమే. అ, ఆ, ఇ, ఈ, ఋ ఇవన్నీ మెలికలు మెలికలుగా, గీత మధ్యలో దిశ మార్చుకుంటూ పోయే ఆకారాలు. పైగా రాతలో ఈ అచ్చులు మామూలుగా మాట మొదట్లోనే కనిపిస్తాయి, మధ్యలో అవి గుణింతం గుర్తులుగా మారిపోతాయి కాబట్టి అంత కష్టపడి నేర్చుకున్న ఇ పిల్లలకి రోజూ చదివే మాటల్లో తక్కువే ఎదురవుతుంది. ఇక ఌ, ౡ, ఙ, ఞ లాంటివాటి సంగతి చెప్పక్కర్లేదు, ఐదేళ్ళ పిల్లకి తెలిసిన మాటల్లో ఇవి విడిగా వచ్చే మాట ఒక్కటి వెతికి పట్టుకోవడం కష్టం. అయినా వర్క్‌బుక్‌లో వాటికి కూడా క కి ఇచ్చినంత పేజీ ఇచ్చి పదిసార్లు రాయిస్తారు, ఆ టైంలో పిల్ల ర, ల, ప, మ గట్టిపరుచుకుని ఉంటే ఓ ఇరవై మాటలు చదివేసేది.

అసలు చెయ్యి ఎప్పటికి సిద్ధమవుతుందో చూద్దాం. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలూ పుట్టినప్పుడు మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, అవి ఒకదాని తర్వాత ఒకటి గట్టిపడటం బడి వయసు వచ్చాక కూడా సాగుతూనే ఉంటుంది. మామూలుగా మూడేళ్ళ ప్రాంతంలో పిల్లలు చూసి గుండ్రం గీయగలుగుతారు, నాలుగేళ్ళకి ప్లస్ గుర్తు, ఐదేళ్ళ ప్రాంతంలో త్రిభుజం. పెన్సిల్‌ని మొదట పిడికిలితో పట్టుకుంటారు, మెల్లగా వేళ్ళ చివరికి తెచ్చుకుంటారు, మూడు వేళ్ళతో కుదురుగా పట్టుకోవడం చాలామందికి నాలుగైదేళ్ళ మధ్య వస్తుంది, కొందరికి ఆరేళ్ళు పడుతుంది. అంటే మూడున్నరేళ్ళ వాడితో నోట్‌బుక్ గీతల మధ్య ఈ అనే అక్షరం రాయించడం అంటే వాడి చేతిలో ఇంకా లేనిదాన్ని అడగడమే, వాడు మొండికేస్తే అది బద్ధకం కాదు.

అందుకే ఆ వయసులో రాత పని అంటే అక్షరం రాయడం కానే కాదు. చపాతీ పిండితో పాములు చేయడం, చిక్కుడుకాయలు ఒలవడం, బట్టలకి క్లిప్పులు పెట్టడం, పూసలు గుచ్చడం, అమ్మ ముగ్గేస్తుంటే పక్కన చుక్కలు పెట్టడం, తడి ఇసుకలో వేలితో గీతలు గీయడం, ఇవన్నీ వేళ్ళకి బలమూ అదుపూ ఇచ్చే పనులే. గాంధీ తన ఆత్మకథలో తన చేతిరాత బాగోకపోవడం గురించి బాధపడుతూ ఒక మాట చెప్తారు, పిల్లలకి రాత కన్నా ముందు బొమ్మలు గీయడం నేర్పాలని, పువ్వుల్నీ పిట్టల్నీ చూసి గుర్తుపట్టినట్టే అక్షరాల్ని కూడా ముందు చూసి గుర్తుపట్టనివ్వాలని, బొమ్మలు గీయడం వచ్చాకే రాత మొదలెట్టాలని. గుర్తుపట్టడాన్నీ రాయడాన్నీ విడదీయాలన్న సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది. 1939లో మద్రాసు వచ్చి యుద్ధకాలమంతా ఇండియాలోనే ఉండిపోయిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలో కూడా పెన్సిల్‌ కన్నా ముందు గరుకు కాగితంతో చేసిన అక్షరం ఉంటుంది, పిల్ల దాని మీద వేళ్ళు పోనిస్తూ శబ్దం పలుకుతుంది, చేతికి దారి తెలుస్తుంది గానీ రాసే బరువు పడదు.

ఇక రాత మొదలెట్టాక ఏ వరుస? ఆకారాల వరుస. తెలుగు లిపి గుండ్రంగా ఉండటం చిన్నపిల్లలకి నిజంగా ఒక వరం, ఏటవాలు గీతలకన్నా సున్న చుట్టడం వాళ్ళకి ముందే వస్తుంది కదా. సున్న చుట్టి పైన తలకట్టు పెడితే ర, మధ్యలో చుక్క కూడా పెడితే ఠ. గొడుగులా ఒక వంపు గీసి తలకట్టు పెడితే గ. ఇలా ఒక ఆకారంలోంచి ఇంకో ఆకారానికి వెళ్ళేలా ర, గ, న, స, డ, ద ఒక గుంపు, ప, వ, మ, య ఇంకో గుంపు, తలకట్టు లేని ల, బ, జ, ట మరో గుంపు అనుకుని వెళ్తే మొదటి గుంపు పూర్తయ్యేసరికే గద, నగ, నస లాంటి మాటలు వచ్చేస్తాయి, రెండో గుంపు కలిస్తే పడవ, పనస, మడమ, వరస, మూడోది కలిశాక వల, జడ, క కూడా చేరితే పలక. నెల తిరక్కుండా పిల్ల తనంతట తను ఒక మాట చదివి, రాసి చూపించగలిగితే వచ్చే ఉత్సాహం యాభై ఆరు అక్షరాలు పూర్తయ్యేదాకా ఆగితే రాదు. ఈ గుంపులు ఇలాగే ఉండాలని రూలేం లేదు, టీచర్ తన క్లాసుని చూసి మార్చుకోవచ్చు.

తలకట్టు గురించి ఇంకాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ముందుముందు గుణింతం అంతా దీనిమీదే నిలబడుతుంది. క ని ఒకే బొమ్మగా నేర్చుకున్న పిల్లకి కి, కె, కొ అన్నీ మళ్ళీ కొత్త బొమ్మలే. అదే క అంటే ఒక ఒళ్ళు, పైన ఒక తలకట్టు అని మొదట్నుంచీ చూపిస్తే, తలకట్టు తీసేసి ఆ చోట గుడి పెట్టాం కి అయింది అని చెప్తే ఠక్కున ఎక్కుతుంది. కాబట్టి మొదటి రోజునుంచే తలకట్టుని విడిగా, చివర్లో, పేరు పెట్టి పిలుస్తూ రాయించాలి. కలర్ చాక్‌పీసుతో తలకట్టు ఒక రంగు, మిగతాది ఒక రంగు వేసినా చాలు. ల, బ, జ, ణ లాంటివాటికి తలకట్టు ఉండదని కూడా అప్పుడే గమనిస్తారు, పిల్లల కళ్ళు ఇలాంటివాటిల్లో పెద్దాళ్ళకన్నా చురుకు.

దిద్దించడం మన పాత పద్ధతి. పలక మీద పెద్దగా అక్షరం రాసిచ్చి, దాని మీదే మళ్ళీ మళ్ళీ బలపం పోనిచ్చి అది లావుగా తెల్లగా అయ్యేదాకా దిద్దించేవాళ్ళు. మొదలెట్టడానికి ఇది మంచిదే, గీత ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో చేతికి తెలుస్తుంది. కానీ దాంతోనే ఆగిపోతే లాభం తక్కువ. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీకి చెందిన కారిన్ జేమ్స్ బృందం 2012లో ఒక పరిశోధన ప్రచురించింది. ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లల చేత కొన్ని అక్షరాల్ని చూసి సొంతంగా రాయించారు, కొన్నిటిని దిద్దించారు, కొన్నిటిని కీబోర్డు మీద కొట్టించారు, తర్వాత ఆ అక్షరాలు చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. పెద్దవాళ్ళు చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకి స్పందించినట్టుగా మిగతావాటికి స్పందించలేదు. ఫ్రాన్స్‌లో మరీకే లాంగ్‌కాంప్ బృందం 2005లో చిన్నపిల్లల మీదే చేసిన ఇంకో పరిశోధనలో కూడా కీబోర్డు మీద నేర్చుకున్నవాళ్ళకన్నా చేత్తో రాసి నేర్చుకున్నవాళ్ళలో, ముఖ్యంగా కాస్త పెద్దపిల్లల్లో, అక్షరం గుర్తుపట్టడం మెరుగ్గా ఉంది. దీన్నిబట్టి అనుకునేదేంటంటే పిల్ల తన చేత్తో వంకరగా, పెద్దదిగా, చిన్నదిగా రకరకాలుగా రాసుకున్న గ లన్నీ చూసి, ఇన్ని రకాలుగా ఉన్నా ఇది గ నే అనే పట్టు సంపాదిస్తుంది. దిద్దినప్పుడు ఆ తేడాలు రావు, ప్రతిసారీ అదే అచ్చు. కాబట్టి రెండు మూడుసార్లు దిద్దాక చెరిపేసి, చూడకుండా నువ్వు రాయి అనాలి, వంకరపోతే పోనివ్వాలి, ఆ వంకర గీత కూడా నేర్చుకోవడంలో భాగమే.

పలక ఇందుకు బాగా పనికొస్తుంది. బలపం రాతిపలక మీద కాస్త పట్టుకుని గీస్తుంది, ఆ రాపిడి చేతికి తెలుస్తుంది, పెద్దగా రాసుకోవచ్చు, తప్పుపోతే తుడిచేస్తే అయిపోయింది, ఎర్ర ఇంకు గీత జ్ఞాపకంగా మిగలదు. ఒకప్పుడు మార్కాపురం పలకలు లేని బడి ఉండేది కాదు, ఇప్పుడు వాటి చోట ప్లాస్టిక్ పలకలు, ఎల్‌సీడీ ప్యాడ్లు వచ్చాయి. ప్యాడ్ పూర్తిగా పనికిరాదని కాదు గానీ నున్నగా జారిపోయే దాని మీదకన్నా గరుకుగా ఉన్నదాని మీద చిన్న చేతికి అదుపు బాగా దొరుకుతుంది.

గుర్తుపట్టడం దగ్గర పిల్లలు ఎక్కువగా తడబడేది ఒకేలా ఉండే జంటల్లో. డ, ద. ప, ష, ఫ. వ, మ. ద, ధ, థ. ఒ, ఓ, ఔ. రాసేటప్పుడైతే వ కి కొమ్ము ఎక్కడ తగిలించాలో తెలియక వు రాయబోతే మ అయిపోతుంది. వీటిలో ద, ధ లాంటివి రెండింతలు కష్టం, ఎందుకంటే ఆకారంలో తేడా ఒక చిన్న గీతే, చెవికి కూడా తేడా సరిగ్గా వినపడదు. మన మామూలు మాటల్లో ఒత్తి పలకడం తక్కువ, ధనం అని రాసేదాన్ని చాలామంది దనం అనే పలుకుతారు, భయాన్ని బయం అంటారు. ణ, ళ, శ, ష ల విషయంలో కూడా చాలా ఇళ్ళల్లో ఇదే పరిస్థితి. ఇంట్లో వినని శబ్దాన్ని బళ్ళో చూసి గుర్తుపెట్టుకోవాలంటే పిల్లకి టైం పడుతుంది, అది తెలివి తక్కువతనం కాదు, ఉచ్చారణ సరిగా లేదని ఇంటి భాషని తిట్టాల్సిన పని అంతకన్నా లేదు. ఇక్కడ చేయగలిగింది ఏంటంటే ద, ధ ని ఒకే రోజు పక్కపక్కన పెట్టి నేర్పకపోవడం. ముందు ద ని మాటల్లో బాగా పాతుకోనివ్వాలి, దండ, దడ, గద, పద. కొన్ని వారాలయ్యాక ధ తేవాలి, అప్పుడు రెండూ పక్కన పెట్టి తేడా ఎక్కడుందో పిల్లనే కనిపెట్టమనాలి. వర్ణమాల వరుసలో రాయిస్తే ఈ ఎడం ఇవ్వడం కుదరదు, త థ ద ధ ఒకే వారంలో మీద పడతాయి, పిల్ల నాలుగూ కలిపేసుకుంటుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. తెలుగు పిల్లకి అన్నిటికన్నా దగ్గరి మాటలు ఏవి? అమ్మ, నాన్న, అన్న, అక్క, అత్త, బువ్వ, కుక్క, పిల్లి, పువ్వు. అన్నిట్లో ఒత్తులే. సంప్రదాయ వరుసలో ఒత్తులు అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ అయ్యాక వస్తాయి, అంటే అమ్మ అని చదవడానికి పిల్ల ఏడాది పైన ఆగాలన్నమాట. అ పక్కన అమ్మ బొమ్మ వేసి కింద అమ్మ అని అచ్చేస్తారు గానీ పిల్ల చదివేది బొమ్మని, మాటని కాదు. పైగా త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలాగే ఉండవు, మ ఒత్తుని చూసి ఇది మ అని ఎవరూ ఊహించలేరు. కాబట్టి ఇలాంటి ఓ పది పదిహేను మాటల్ని, పిల్ల సొంత పేరుతో కలిపి, ముందు మొత్తంగా చూసి గుర్తుపట్టే మాటలుగా చూపించడం మంచిది. చీటీలు రాసి గోడకి, తలుపుకి, ఫ్రిజ్‌కి అంటించొచ్చు. రాయమని అడగకూడదు, విడగొట్టి చెప్పమని అడగకూడదు, చూసి చెప్తే చాలు. గుర్తుపట్టడం రాతకన్నా ఎంతో ముందు నడవగలదు, దాన్ని రాత కోసం ఆపి ఉంచాల్సిన అవసరమే లేదు.

గుణింతం సంగతికొస్తే, 36 హల్లులు, ఒక్కోదానికి 16 రూపాలు అనుకుంటే 576 అవుతాయి, ఒత్తులు కలపకుండానే. ఇంతా బట్టీ పట్టించాలంటే అవ్వదు, పట్టాల్సిన అవసరమూ లేదు, గుర్తులు పదహారే కదా. కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి అని పాడించడం బాగానే ఉంటుంది గానీ పాట ఆపి మధ్యలోంచి కె అడిగితే కూడా రావాలి. ఒక్కో హల్లుకి మొత్తం గుణింతం రాయించే బదులు ఒక్కో గుర్తుని చాలా హల్లులకి పెట్టించి చూడండి, ఈ వారం అంతా దీర్ఘం, కా, గా, జా, తా, పా, రా, లా, మా. అప్పుడు వెంటనే తాత, పాప, రాజా, మామ చదివేయొచ్చు. దీర్ఘం కా లో ఒకలా, మా లో ఇంకోలా కనిపిస్తుంది, ఇలాంటి తేడాలున్నవాటిని విడిగా చివర్లో చూసుకోవచ్చు. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిలో పిల్లలు ఎలా నేర్చుకుంటారో సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు పరిశోధించి 2007లో ప్రచురించారు. ఇంగ్లీషు లాంటి భాషల్లో అక్షరాలు ఒకటి రెండేళ్ళలో పట్టుబడితే, అక్కడ అక్షరాలన్నీ పట్టుబడటం మూడు నాలుగు తరగతుల దాకా సాగుతూనే ఉంటుందని తేలింది. రెండు లిపులూ ఒకే పాత లిపిలోంచి వచ్చాయి, కట్టుబడి ఒకటే, కాబట్టి తెలుగు పిల్లలకి కూడా అంత టైం పడుతుందనుకోవడమే న్యాయం. ఒకటో తరగతి అయ్యేసరికి ఒత్తులతో సహా తప్పు లేకుండా రాయాలని పట్టుబట్టడం లిపి స్వభావం తెలియక చేసే పని.

చూచిరాత హోంవర్క్ గురించి గట్టిగానే చెప్పాలి. నాలుగేళ్ళ పిల్లకి రెండు పేజీలు ఒకే అక్షరం ఇస్తే మొదటి లైను శ్రద్ధగా ఉంటుంది, మూడో లైనుకి పైన రాసినదాన్నే చూసి రాస్తుంది, పేజీ కిందకి వచ్చేసరికి అక్షరం తన సొంత తప్పులకి కాపీ అయిపోతుంది. చెయ్యి నొప్పెట్టి పెన్సిల్ పట్టు కూడా మారిపోతుంది, ఆ పట్టు అలవాటైతే తర్వాత సరిచేయడం చాలా కష్టం. నాలుగైదు అక్షరాలు బాగా రాసి, వాటిలో ఏది బాగా వచ్చిందో పిల్ల చేతే గుండ్రం చుట్టించి ఆపేస్తే రెండు పేజీలకన్నా ఎక్కువ పని జరుగుతుంది. పొట్టి పెన్సిలు లేదా చిన్న బలపం ముక్క ఇస్తే పిడికిలితో పట్టుకోవడం కుదరదు కాబట్టి వేళ్ళు వాటంతటవే సరైన చోటికి వస్తాయి. ఎడం చేత్తో రాసే పిల్లల్ని కుడికి మార్చాలని చేసే ప్రయత్నం మాత్రం పూర్తిగా మానేయాలి, కాగితాన్ని కాస్త కుడివైపుకి వాల్చి పెడితే వాళ్ళకి రాసింది కనిపిస్తుంది, అంతే కావాల్సింది.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఏబీసీడీలే ముందొస్తాయి, తెలుగు తర్వాత. తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బళ్ళల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది, అమెరికాలాంటి చోట్ల సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి తెలుగు నేర్పుతోంది. ఈ పిల్లలకి ఇబ్బంది వేరేలా ఉంటుంది, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదవడం అలవాటైతే త, ట రెంటికీ ఒకే అక్షరం, ద, డ రెంటికీ ఒకటే, న, ణ కి తేడా లేదు. అలా మొదలెట్టిన పిల్లలకి తర్వాత ఆ తేడాలు చెవికి మళ్ళీ నేర్పాల్సొస్తుంది. వాళ్ళకి కూడా ముందు మాట, పాట, కథ తెలుగులో వినిపించి నేరుగా తెలుగు లిపిలోకి తీసుకెళ్ళడమే దగ్గరి దారి.

నేర్చుకున్నారా లేదా అని చూడటం ఎలా అనేదానికి అసర్ సర్వే పద్ధతి బాగుంటుంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి 2005 నుంచి చేస్తున్న ఆ సర్వేలో పిల్లతో ఒక్కరితోనే కూర్చుని, వరుసలో లేకుండా కలగాపులగంగా ఉన్న అక్షరాల్లోంచి ఐదు చదవమంటారు, నాలుగు సరిగ్గా చెప్తే అక్షరాలు గుర్తుపడుతున్నట్టు లెక్క. వల్లెవేసినవాళ్ళు ఇక్కడ దొరికిపోతారు. 2021 జులైలో కేంద్రం మొదలెట్టిన నిపుణ్ భారత్ అనే పథకం 2026-27 కల్లా మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లకీ అర్థం చేసుకుంటూ చదవడం రావాలని పెట్టుకుంది, తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు అనే కార్యక్రమం కూడా అదే దారిలోది. ఇక్కడ మూడో తరగతి అన్న మాట ముఖ్యం, ప్రభుత్వమే అంత టైం ఇస్తుంటే యూకేజీ పిల్లకి ఉక్తలేఖనం మార్కులు తగ్గాయని ఇంట్లో గొడవపడటం ఎందుకు?

ఇంట్లో చూడాలనుకుంటే మూడింటినీ మూడు వేర్వేరు రోజుల్లో చూడండి. ఒకరోజు అక్షరాల చీటీలు కలిపేసి పరిచి, మ ఏది, డ ఏది అని ఏరించడం. ఇంకోరోజు చీటీ చూపించి శబ్దం అడగడం. మరోరోజు ఏమీ చూపించకుండా, చెప్పింది పలక మీద రాయించడం. ఏది ఆగిందో తెలుస్తుంది, గుర్తుపట్టేది రాయలేకపోతే చేతికి పని చెప్పాలి, రాసేది చదవలేకపోతే శబ్దం దగ్గరికి వెళ్ళాలి. అన్నిటికీ ఒకే మందుగా ఇంకో పది సార్లు రాయి అనడం వల్ల వచ్చేదేం లేదు. రెండో తరగతి దాటుతున్నా, బాగా నేర్పుతున్నా, మాటల్లో తెలివిగా ఉన్న పిల్ల అవే అక్షరాల దగ్గర రోజూ కొత్తగా తడబడుతుంటే ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించాలి. అవి బాగానే ఉంటే నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది ఏమైనా ఉందేమో పిల్లల నిపుణుల చేత చూపించాలి, 2016 వికలాంగుల హక్కుల చట్టం అలాంటి ఇబ్బందుల్ని గుర్తించింది కాబట్టి ఆ పిల్లకి బళ్ళో తగిన సాయం అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉంది.